కరెంటు పాల బండికి సర్కారు సాయం – లీటరుకు ఎన్ని పైసలు?

మహాజన సభలో జమాఖర్చులు చదివేటప్పుడు సభ్యులు చెవి ఒగ్గి వినేది బోనసు పద్దు ఒక్కటే. రవాణా పద్దు రాగానే వెనుక వరుసలో బీడీలు వెలుగుతాయి, మాటలు మొదలవుతాయి. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. నిజానికి బోనసు ఎంత వస్తుందో తేల్చే పద్దుల్లో రవాణా ఒకటి. మీ పక్షం బిల్లులో రవాణా అనే గడి కనపడకపోవచ్చు. కానీ యూనియన్ మీకు కట్టే పాల ధర రవాణా ఖర్చు పోగా మిగిలిన దానిలో నుంచే వస్తుంది.

నూజివీడు వైపు ఒక సంఘం సభలో ఈ పద్దు చదువుతుండగా రూటు బండి యజమాని లేచి నిలబడ్డాడు. సొంత బండి, తానే డ్రైవరు. "ఇన్‌స్పెక్టరు గారూ, కరెంటు బండ్లకి గవర్నమెంటు డబ్బులిస్తందంట కదండీ. అది బండి చేసేవోడికా, కొనేవోడికా, మాలాగా తోలుకునేవోడికా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆ పూట తోచిన నాలుగు మాటలు చెప్పి తప్పించుకున్నాను. అతని ప్రశ్న నవ్వవలసిన ప్రశ్న కాదు. ఇంటికి వచ్చి నిబంధనలు తీసి చదివి, కాగితం మీద లెక్క వేసి చూశాను. ఈ పాఠం ఆ లెక్కే.

సాయం ఎవరికి అందుతుంది

భారీ పరిశ్రమల మంత్రిత్వ శాఖ 2024 అక్టోబరు 1 నుంచి పి.ఎం. ఈ-డ్రైవ్ అనే పథకాన్ని అమలులోకి తెచ్చింది. మొత్తం నిధి 10,900 కోట్ల రూపాయలు. అందులో లారీలకు కేటాయించినది 500 కోట్లు. లారీల నిబంధనలు 2025 జులై 11న వెలువడ్డాయి. బ్యాటరీ లారీ కొనుగోలుకు కేంద్రం నేరుగా డబ్బు ఇవ్వటం దేశంలో ఇదే మొదటిసారి. అంతకు ముందు 2015లోను, 2019లోను వచ్చిన ఫేమ్ పథకాలు స్కూటర్లకు, ఆటోలకు, కార్లకు, బస్సులకు ఇచ్చాయి గాని లారీని ముట్టలేదు.

లారీలను ఇప్పుడు ఎందుకు పట్టుకున్నారో ఆ శాఖ చెప్పిన లెక్కను బట్టి తెలుస్తుంది. దేశంలోని వాహనాల్లో డీజిలు లారీలు 3 శాతమే. రవాణా రంగం వదిలే వేడి వాయువుల్లో మాత్రం వాటి వాటా 42 శాతం. పొగ లేని బండి అంటే బండి వెనుక పొగగొట్టం లేనిది అని మాత్రమే అర్థం చేసుకోవాలి. మనకు వచ్చే కరెంటులో కొంత ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చి తీసినదే గదా. ఆ సంగతి అలా ఉంచుదాం.

ఇక షరతులు. సరుకుతో కలిపి మొత్తం బరువు 3.5 టన్నులకు పైన, 55 టన్నుల వరకు ఉన్న లారీకే ఈ సాయం. బ్యాటరీ సైజును బట్టి ఎక్కువలో ఎక్కువ 9 లక్షల 60 వేలు. డబ్బు కొనేవాని చేతికి రాదు. కంపెనీ ఆ మేరకు ధర తగ్గించి అమ్మి, తరువాత ప్రభుత్వం వద్ద రాబట్టుకుంటుంది. బ్యాటరీకి 5 ఏళ్ళు లేక 5 లక్షల కిలోమీటర్లు, ఏది ముందయితే అంతవరకు కంపెనీ పూచీ ఇవ్వాలి. ఇవన్నీ బాగానే ఉన్నాయి. మరొక షరతు ఉన్నది: పాత డీజిలు లారీని గుర్తింపు పొందిన కేంద్రంలో తుక్కు చేయించినట్లు సర్టిఫికెట్ చూపాలి. దేశం మొత్తానికి సుమారు 5,600 లారీలకు సరిపోయే నిధి ఇది. గడువును 2028 మార్చి 31 వరకు పొడిగించారు గాని, నిధి ముందే అయిపోతే పథకం అక్కడితో ముగుస్తుంది.

మన పాల రవాణాను దీని పక్కన పెట్టి చూడండి. శీతలీకరణ కేంద్రం నుంచి విజయవాడ ఫ్యాక్టరీకి పోయే 10,000 లీటర్ల ట్యాంకరు ఉన్నదనుకోండి. పాల బరువే పది టన్నుల పైన. బండితో కలిపితే 12 టన్నులు దాటుతుంది. అది ఈ పథకం తరగతిలోనికి వస్తుంది. కానీ ఊరి కేంద్రం దగ్గర క్యాన్లు ఎక్కించుకునే చిన్న బండి 3.5 టన్నుల లోపుది. దానికి ఈ 500 కోట్లలో పైసా లేదు. మన రూటు బండ్లలో దాదాపు అన్నీ ఇటువంటివే.

ఆనాడు సభలో అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. కొనేవాడికి ఇస్తారు, కంపెనీ చేతుల మీదుగా ఇస్తారు, పెద్ద బండి కొనగలిగి, తుక్కు సర్టిఫికెట్ చూపగలిగినవాడికి ఇస్తారు.

చిన్న బండికి దక్కేది పన్ను వెసులుబాటు. 2019 ఆగస్టు నుంచి బ్యాటరీ వాహనాల మీద జి.ఎస్.టి. 5 శాతమే. 2018 అక్టోబరులో వాటికి పర్మిట్ అవసరం తీసివేశారు. 2021లో రిజిస్ట్రేషను ఫీజు మాఫీ చేశారు. అయితే 2025 సెప్టెంబరు 22న డీజిలు సరుకు బండ్ల మీద జి.ఎస్.టి.ని కూడా 28 నుంచి 18 శాతానికి దించారు. డీజిలు బండి చౌక అయింది గనుక రెండింటి ధరల మధ్య దూరం ఆ మేరకు మళ్ళీ పెరిగింది. ఒక చేత్తో ఇచ్చింది రెండవ చేత్తో కొంత వెనక్కు పోయిందన్నమాట.

పూర్వం మనకు వచ్చిన సాయం

ప్రజల డబ్బుతో పాల రవాణా మారటం మనకు కొత్త కాదు. 1970లో మొదలై 1996 వరకు మూడు దశల్లో నడిచిన ఆపరేషన్ ఫ్లడ్ అటువంటిదే. యూరపు దేశాలు దానంగా ఇచ్చిన పాలపొడిని, వెన్న నూనెను మన డెయిరీలు పాలుగా మార్చి అమ్మాయి. ఆ డబ్బుతోనే చల్లబరిచే కేంద్రాలు, ట్యాంకర్లు, ఫ్యాక్టరీలు వచ్చాయి. అందులో యూనియన్లకు ఇచ్చినది ప్రధానంగా అప్పు, కొంత భాగం మాత్రమే గ్రాంటు. తిరిగి కట్టాలి గనుక లెక్కలు రాశారు. ఉచితంగా వచ్చిన దానికి లెక్క రాయటంలో మన సంఘాలకు ఉన్న బద్ధకం నాకు తెలుసు గనుక ఈ మాట చెబుతున్నాను.

జర్మనీ దేశం 2021 నుంచి మరొక దారి తొక్కింది. డీజిలు లారీకి, పొగ లేని లారీకి ధరలో ఉండే తేడాలో 80 శాతం వరకు ప్రభుత్వమే ఇచ్చింది. 2024 ఆరంభంలో బడ్జెటు కరువై ఆ పథకాన్ని ఆపివేశారు. మన దగ్గర 500 కోట్లు అయిపోయిన మరునాటి సంగతి కూడా ఇప్పుడే ఆలోచించుకోవటం మంచిది.

లెక్క

ఇప్పుడు చిన్న బండిని తీసుకుందాం. గ్రాంటు లేకపోయినా నడుస్తుందా, గ్రాంటు వస్తే ఎంత తేడా అన్నది చూద్దాం. కింద వేసిన ధరలు లెక్క కోసం అనుకున్నవి. మీ సంఘం అంకెలు వేసుకొని మళ్ళీ చేయాలి.

రూటు పూటకు 35 కిలోమీటర్లు, రెండు పూటలు 70. ఏడాదికి 25,550 కిలోమీటర్లు. పాల సేకరణకు ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. పూటకు 15 క్యాన్లు, 600 లీటర్లు. రోజుకు 1,200 లీటర్లు, ఏడాదికి 4,38,000 లీటర్లు.

డీజిలు బండి మన రోడ్ల మీద, ఊరూరా ఆగుతూ లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందని, డీజిలు 97 రూపాయలని అనుకుందాం. ఏడాదికి 1,65,000 రూపాయల డీజిలు. బ్యాటరీ బండి కిలోమీటరుకు, చార్జింగులో పోయే నష్టంతో కలిపి, పావు యూనిట్ తింటుందని, యూనిట్ 8 రూపాయలని అనుకుందాం. ఏడాదికి 51,000. మిగులు 1,14,000 రూపాయలు.

ఇది చూడగానే కొందరు కార్యదర్శులు చంకలు గుద్దుకుంటారు. ఆగాలి. బ్యాటరీ బండి ధర డీజిలు బండి కంటే 4 లక్షలు ఎక్కువ అనుకుందాం. ఆ 4 లక్షలూ అప్పే గదా. రూటు కాంట్రాక్టు ఏడాదికి ఒకసారి మారేదయితే, వచ్చే ఏడు ఆ బండికి పని ఉంటుందో లేదో అప్పిచ్చేవానికి తెలియదు. కొత్త రకం బండి, ఐదేళ్ళ తరువాత అమ్మితే ఎంత వస్తుందో అదీ తెలియదు. అందుచేత మూడేళ్ళలో తీర్చమంటాడు, వడ్డీ 14 శాతం వేస్తాడు. అప్పుడు ఆ 4 లక్షల మీద నెల వాయిదా 13,671 రూపాయలు, ఏడాదికి 1,64,000. డీజిలులో మిగిలింది 1,14,000. బండివాడు ఏటా 50,000 చేతి నుంచి పెట్టుకోవాలి.

అదే 4 లక్షలు 11 శాతం వడ్డీకి, ఐదేళ్ళ గడువుకు దొరికితే? నెల వాయిదా 8,697. ఏడాదికి 1,04,000. గ్రాంటు ఒక్క రూపాయి లేకుండానే 10,000 మిగిలింది. ఇదే షరతుల మీద లక్ష రూపాయల గ్రాంటు కూడా వచ్చి అప్పు 3 లక్షలకు తగ్గితే ఏడాదికి వాయిదాలు 78,000, మిగులు 36,000. పాల మీద పరిస్తే లీటరుకు 8 పైసలు.

నన్ను కూర్చోబెట్టింది ఈ అంకెల్లోని తేడాయే. లక్ష గ్రాంటు వల్ల ఏడాదికి వచ్చిన మేలు 26,000. అప్పు గడువు, వడ్డీ మారటం వల్ల వచ్చిన మేలు 60,000. గ్రాంటు ఢిల్లీలో తేలుతుంది. అప్పు గడువును తేల్చేది రూటు కాంట్రాక్టు కాగితం. ఆ కాగితం రాసేది మన యూనియన్. యూనియన్ పాలకవర్గంలో కూర్చున్నవారు మీరు ఎన్నుకొని పంపినవారు.

పాల రూటు బ్యాటరీకి అతికినట్లు సరిపోయే పని కూడా. రోజూ అదే దారి, అన్నే కిలోమీటర్లు, రాత్రికి అదే షెడ్డు. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ బ్యాటరీ 21.3 యూనిట్లది. కంపెనీ చెప్పే దూరం 154 కిలోమీటర్లు. మన బరువుకు, మన వేసవికి 100 అని పెట్టుకుంటే 70 కిలోమీటర్ల రూటు సాఫీగా వెళ్ళిపోతుంది. మామూలు 15 ఆంపియర్ల సాకెట్ మీద ఆరేడు గంటల్లో నిండుతుంది. సాయంత్రం పాలు దింపి తొమ్మిదింటికి చేరిన బండి తెల్లవారుజాము నాలుగున్నరకు బయలుదేరాలి. ఏడున్నర గంటల వ్యవధి ఉన్నది. గాలివానకు రాత్రి కరెంటు పోతే పగలు పదింటి నుంచి మూడింటి వరకు మళ్ళీ ఖాళీ.

మామిడి రోజులు

ఆ పగటి ఖాళీ దగ్గరే మన ప్రాంతంలో చిక్కు ఉన్నది. ఈ లెక్క ఒంగోలులోనో పొద్దుటూరులోనో వేస్తే ఇది కనపడదు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో బంగినపల్లి, చిన్నరసం కోతల మీద ఉంటాయి. పాలు దింపిన బండి పదిన్నరకల్లా క్యాన్లు కడిగి పక్కన పెట్టి, గడ్డి పరిచి, కాయ ఎక్కించుకొని నున్న మార్కెట్టుకు పోతుంది. సాయంత్రం పాల వేళకు తిరిగి వస్తుంది. పాల కిరాయి మీద బండివాడు బండిని బతికించుకుంటాడు, మామిడి కిరాయి మీద ఇంటిని బతికించుకుంటాడు. పిల్లల ఫీజులు, పాత బాకీ, ఇన్సూరెన్సు అన్నీ ఆ రెండు నెలల్లోనే తీరతాయి. ఈ సంగతి తెలిసే మన టెండర్లలో పాల కిరాయిని తక్కువకు వేస్తారు. అంటే మామిడి రైతు కట్టే కిరాయిలో కొంత మన పాల రవాణాను మోస్తున్నది.

నున్నకు పోయి రావటం 70, 80 కిలోమీటర్లు. పాల రూటు 70. కలిపి దాదాపు 150. బ్యాటరీ బండికి మధ్యలో నింపుకోవటానికి గంటలు చాలవు. నింపుకుంటే మామిడి లేదు, మామిడికి పోతే సాయంత్రం పాలు కేంద్రంలోనే ఉంటాయి. మే నెల ఎండలో గంట ఆలస్యమయితే పాలు ఏమవుతాయో పాడివారికి నేను చెప్పనక్కరలేదు. సీజనులో 45 ట్రిప్పులు, ఖర్చులు పోను ట్రిప్పుకు 700 మిగులుతుందనుకున్నా 31,500 రూపాయలు. పైన మనం లెక్క కట్టిన 36,000 మిగులులో దాదాపు అంతా అక్కడే కరిగిపోయింది.

కాబట్టి కరెంటు బండి పెట్టమని బండివానిని అడిగే సంఘం ఈ 31,500 మాట కూడా ఎత్తాలి. కిరాయిలో కలుపుతారా, శీతలీకరణ కేంద్రం దగ్గర వేగంగా నింపే చార్జరు పెట్టిస్తారా, మామిడి రోజుల్లో పగటిపూట పశుదాణా బస్తాల చేరవేత అతనికే ఇస్తారా అన్నది కూర్చొని మాట్లాడుకోవలసిన విషయం. నా అభిప్రాయం అడిగితే చార్జరు మేలు. అది ఒక్క బండికి గాక కేంద్రానికి వచ్చే బండ్లన్నిటికీ పనికి వస్తుంది, కేంద్రానికి ఎటూ పెద్ద కరెంటు కనెక్షను ఉన్నది.

వేపచెట్టు కింద వ్యాను

ఒక సంఘం సొంతంగా బండి కొన్నదనుకుందాం. అప్పుడు గ్రాంటును పుస్తకాల్లో ఎక్కడ రాయాలన్నది ముఖ్యం. ఇది నా ఉద్యోగం మొదటి సంవత్సరాల్లో జరిగిన సంగతి. సంఘం పేరు అనవసరం. వారికి ఒక వ్యాను కొనటానికి కొంత గ్రాంటు వచ్చింది. దానిని ఆ ఏటి ఆదాయంలో రాశారు. లాభం పొంగింది. సభ్యులకు బోనసు పంచారు, ఊరేగింపు కూడా తీశారు. తనిఖీకి వెళ్ళినది నేను. పుస్తకాలు కూడికలు తప్పు లేకుండా ఉన్నాయి. ఆదాయంలో గ్రాంటు ఉండకూడదని నివేదికలో రాయవలసినవాడిని, రాయలేదు. కొత్త ఉద్యోగం, అధ్యక్షులు పెద్దమనిషి, అందరూ సంతోషంగా ఉన్నారు. తరుగుదల కింద పక్కన పెట్టినదీ లేదు. ఆరో ఏట ఇంజను పోయింది. బాగు చేయించటానికి సంఘం ఖాతాలో డబ్బు లేదు. ఆ వ్యాను ఏళ్ళ తరబడి కేంద్రం పక్కన వేపచెట్టు కింద ఉన్నది. అందులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. పాలు మటుకు ప్రైవేటు డెయిరీ బండి ఎక్కాయి.

గ్రాంటు లాభం కాదు. బండి ధరలో నుంచి దానిని తీసివేసి చూపవచ్చు. లేదా ప్రత్యేక నిధిగా పెట్టి, బండికి ఏటా వేసే తరుగుదల నిష్పత్తిలో కొంచెం కొంచెంగా ఆదాయానికి మార్చవచ్చు. రెంటిలో ఏది చేసినా బోనసుగా పంచటానికి వీలుండదు.

బ్యాటరీ బండికి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఐదేళ్ళకు అప్పు తీరుతుంది. ఆరు, ఏడు, ఎనిమిదో ఏళ్ళలో వాయిదా లేదు, 1,14,000 మిగులు అంతా చేతిలో కనపడుతుంది. మూడేళ్ళకు 3,42,000. సరిగ్గా ఆ కాలం చివరనే బ్యాటరీ మార్చవలసి వస్తుంది. దాని ఖరీదు 3 లక్షలనుకుంటే మిగులు ఇంచుమించు దానికే సరిపోతుంది. పంచితే చార్జరు పక్కన మరొక వేపచెట్టు వెతకాలి. బండి బయటివానిదయినా ఇదే సంగతి. అప్పు తీరింది గదా అని ఆరో ఏట కిరాయి కోసేస్తే ఎనిమిదో ఏట మనకు బండి ఉండదు.

తీర్మానంలో ఉండవలసినవి

రూటు కాంట్రాక్టు ఐదేళ్ళకు తగ్గకుండా ఉండాలని, బ్యాటరీ బండ్లకు మాత్రమే అయినా సరే, మీ పాలకవర్గం తీర్మానించి యూనియన్‌కు పంపవచ్చు. అందులో రోజువారీ కిలోమీటర్లకు కనీస హామీ ఉండాలి. పాల దిగుబడి తగ్గిన వేసవిలో రూటు కుదిస్తే వాయిదా కుదరదు గదా. బండివాడు ఏడు రోజులు వరుసగా ఆలస్యం చేస్తే కాంట్రాక్టు రద్దు చేసే హక్కు సంఘానికి ఉండాలి. ఐదేళ్ళ హామీ అంటే ఐదేళ్ళ అలసత్వం కాకూడదు. కిరాయి మనం కట్టే ముందు వాయిదా నేరుగా బ్యాంకుకు జమ చేస్తామని యూనియన్ రాసి ఇస్తే వడ్డీ తగ్గించమని అడగటానికి బండివానికి నోరు వస్తుంది. ట్యాంకర్ల సంగతి వేరు. అక్కడ కేంద్రం గ్రాంటు ఉన్నది. యూనియన్ లేదా ట్యాంకరు యజమాని తుక్కు సర్టిఫికెట్‌తో సహా త్వరపడాలి.

తీర్మానానికి ముందు ఒక చిన్న పని. మీ రూటు బండి మీటరు రీడింగు పొద్దున బయలుదేరేటప్పుడు ఒకసారి, రాత్రి చేరాక ఒకసారి, పదిహేను రోజులు వరుసగా పాల రిజిస్టరు వెనుక పేజీలో రాయండి. ఎన్ని క్యాన్లు, ఎంత డీజిలు, మధ్యాహ్నం వేరే కిరాయికి ఎంత దూరం పోయింది అన్నవి కూడా. బండివానిని పక్కన కూర్చోబెట్టుకొని రాయండి, వాని లెక్క వానికే బాగా తెలుసు. పైన నేను అనుకున్న అంకెలు కొట్టివేసి మీ అంకెలు వేయండి. వచ్చే తనిఖీకి వచ్చినప్పుడు ఆ పేజీ నాకు చూపండి.